పాత వీడియో గేమ్‌ల కోసం మినీ పీసీ: విశాఖలో తక్కువ ఖర్చుతో కొనడం ఎలా?

మినీ పీసీ కొనబోయేవారు దుకాణంలో అడుగుపెట్టగానే ధర అడుగుతారు. దుకాణదారు ర్యామ్ ఎంతో, ఎస్ఎస్‌డీ ఎంతో చెబుతాడు. పాత వీడియో గేమ్‌ల కోసం కొనేటప్పుడు ఈ రెండింటికన్నా ముందే తేలవలసిన విషయం ఇంకొకటి ఉంది: మీరు ఆడదలచుకున్న వాటిలో అన్నిటికన్నా చివర వచ్చిన కన్సోల్ (ఆటల యంత్రం) ఏది? యంత్రం మీద పెట్టవలసిన ఖర్చు దాన్ని బట్టే తేలుతుంది. అంతకుముందు వచ్చినవన్నీ దాదాపు అదే ఖర్చులో నడుస్తాయి.

1990లలో మన ఇళ్లలో టీవీ వెనుక యాంటెనా రంధ్రంలో వైరు గుచ్చి ఆడిన ‘వీడియో గేమ్’ పెట్టెలు చాలావరకు 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లు. మనం క్యాసెట్ అని పిలిచి, ఆడకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టిన వాటిలో సూపర్ మారియో మొదటి ఆట మొత్తం 40 కేబీ మాత్రమే. ఈనాడు దొరికే ఏ మినీ పీసీకైనా అది లెక్కలోకి రాని పని. 1988 నాటి మెగా డ్రైవ్, 1990 నాటి సూపర్ ఫ్యామికామ్, 1994 డిసెంబరులో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ కూడా అదే కోవలోకి వస్తాయి. నింటెండో 64 దగ్గర చిన్న చిన్న చిక్కులు మొదలవుతాయి గాని, అవి చాలావరకు ఎమ్యులేటర్ (పీసీని పాత కన్సోల్‌లా నడిపించే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్‌లు మార్చితే తీరేవే. అసలైన మెట్టు 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 దగ్గర, 2001లో వచ్చిన గేమ్‌క్యూబ్ దగ్గర ఎదురవుతుంది. ప్లేస్టేషన్ 3 కూడా కావాలనుకునేవారికి ఈ వ్యాసం ఉపయోగపడదు. వారి బడ్జెట్ వేరు.

ఇలా ఎందుకంటే, ఎమ్యులేటర్ పాత యంత్రంలోని చిప్పులన్నీ ఒకేసారి చేసిన పనిని సాఫ్ట్‌వేర్‌లో, ఒకదానితో ఒకటి అడుగు తప్పకుండా చేసి చూపించాలి. ఆ పనిని పది కోర్లకు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలకు) పంచిపెట్టడం కష్టం. అందువల్ల ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉన్నాయన్నదానికన్నా ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే ముఖ్యం. ‘ఎనిమిది కోర్లు’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్న పాత సర్వర్ చిప్ కన్నా నాలుగు కోర్ల కొత్త చిప్ ఇక్కడ మెరుగ్గా పనిచేయవచ్చు.

ఏ యంత్రం?

తక్కువ ఖర్చులో చూడదగినవి మూడు రకాలు. వాటిలో మొదటిది, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు అయిన రాస్ప్‌బెర్రీ పై గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. బోర్డు ధర ఒక్కటే చూస్తే చౌకగా కనిపిస్తుంది కాని, రాస్ప్‌బెర్రీ పై 5కు తగిన అడాప్టర్, కూలర్, కేసు, మెమరీ కార్డు కలిపి లెక్క వేస్తే సెకండ్ హ్యాండ్ మినీ పీసీ ధరకు దగ్గరగా వస్తుంది. ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉండి, ఆ బోర్డుతో వేరే పనులు కూడా చేయాలనుకునేవారికి తప్ప దీన్ని సిఫారసు చేయను.

రెండవది ఇంటెల్ ఎన్100 చిప్‌తో వచ్చే కొత్త మినీ పీసీ. 2023లో వచ్చిన ఈ చిప్‌లో నాలుగు కోర్లు ఉంటాయి. గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్‌జ్, కంపెనీ చెప్పే విద్యుత్ పరిమితి 6 వాట్లు. మొదటి ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్, పీఎస్‌పీ వరకు దీనితో నిశ్చింతగా ఉండవచ్చు. గేమ్‌క్యూబ్ ఆటలలో చాలా వాటిని అసలు రిజల్యూషన్‌లో నడుపుతుంది. ప్లేస్టేషన్ 2లో తేలికైన ఆటలు ఆడతాయి, బరువైనవి అక్కడక్కడ తడబడతాయి. పేరు దగ్గరగా ఉన్నందువల్ల ఎన్95ను కూడా ఇదేనని చెప్పి అమ్ముతుంటారు. దానిలో గ్రాఫిక్స్ యూనిట్లు 24కు బదులు 16 మాత్రమే. ధరలో తేడా కొద్దిగానే ఉంటే ఎన్100 లేదా ఆ తర్వాత వచ్చిన ఎన్150 తీసుకోవడమే మంచిది.

మూడవది, నేను కొన్నదీ, చాలామందికి చెప్పేదీ, కంపెనీల ఆఫీసులలో కొన్నేళ్లు వాడి తీసేసిన రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) మినీ డెస్క్‌టాప్. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ అనే మూడు వరుసలు బజారులో ఎక్కువగా కనిపిస్తాయి. మూడూ లావాటి పుస్తకం అంత ఉంటాయి. ఆఫీసుల కోసం చేసినవి కాబట్టి మూత సులభంగా ఊడుతుంది, ర్యామ్ మార్చుకోవచ్చు, విడిభాగాలు దొరుకుతాయి. ‘ఐ5’ అని చెప్పగానే తృప్తి పడకుండా, పూర్తి నంబరు అడగాలి. ఐ5-6500టీ 2015 నాటి నాలుగు కోర్ల చిప్, దాని గరిష్ఠ వేగం 3.1 గిగాహెర్ట్‌జ్; ఐ5-8500టీలో ఆరు కోర్లు, వేగం 3.5. రెంటినీ ‘ఐ5 మినీ’ అనే ఒకే మాటతో అమ్ముతారు. ఎనిమిదవ తరం (8500టీ వంటివి) నుంచి విండోస్ 11కు అధికారిక మద్దతు ఉంది. అంతకు ముందు తరాలకు లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది కాబట్టి ఆ యంత్రాన్ని పిల్లల చదువుకు కూడా వాడదలచినవారు ఎనిమిదవ తరానికి తగ్గకూడదు. ఆటలకు మాత్రమే అయితే లినక్స్ మీద ఆధారపడిన, పాత ఆటల కోసమే చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ బాటొసెరా ఉంది, దానికి ఈ చిక్కు లేదు.

ఒక్కో కోర్ వేగంలో ఎన్100, ఐ5-8500టీ దాదాపు సమానం. అయినా రెండవదాని వైపే మొగ్గడానికి కారణం ర్యామ్. ఎన్100కు ర్యామ్ నుంచి డేటా ఒకే ఛానల్‌లో, అంటే ఒకే దారిలో అందుతుంది. రీఫర్బిష్డ్ యంత్రంలో రెండు స్లాట్లు ఉంటాయి. 8 జీబీ స్టిక్ ఒకటి ఉండేకన్నా 4 జీబీవి రెండు ఉంటే ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు డేటా రెండు దారులలో అందుతుంది, ఆటకు ఆ తేడా తెలుస్తుంది. మొత్తం 8 జీబీ సరిపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక, తర్వాత వేసుకుందాంలే అనుకోకుండా ర్యామ్‌తో సహా బేరం కుదుర్చుకోవడం మేలు.

ప్లేస్టేషన్ 2 ఆటలే ముఖ్యం అనుకునేవారు ఇంకొంచెం ఖర్చుకు సిద్ధపడి, రైజెన్ 5 5600యూ వంటి చిప్ ఉన్న మినీ పీసీ చూడాలి. పై రెండింటి మీద పడే సందేహాలు దానితో చాలావరకు తీరిపోతాయి.

దుకాణంలో చూడవలసినవి

విశాఖలో ఇటువంటి యంత్రాల కోసం ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు వెళ్లడం మామూలే. ఆన్‌లైన్‌లో వందో రెండు వందలో తక్కువకు దొరికినా, పాత యంత్రాన్ని కళ్లెదుట నడిపించి చూసే అవకాశం కోసం నేను దుకాణానికే వెళతాను. వెళ్లేటప్పుడు జేబులో బాటొసెరా రాసి పెట్టిన పెన్‌డ్రైవ్, ఒక వైరు కంట్రోలర్ ఉండాలి. యంత్రంలో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే దుకాణదారు మానిటర్ మీద ఒక ఆట పెట్టి పది నిమిషాలు నడిపించవచ్చు. లెనోవో, డెల్ యంత్రాలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునే పట్టిక వస్తుంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌లను మొదలు కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే బాటొసెరా మొదలు కాదు, దాన్ని యంత్రపు ప్రాథమిక సెట్టింగ్‌లు ఉండే బయోస్‌లోకి వెళ్లి ఆపాలి. ఆ పని దుకాణంలోనే ఎందుకు చేయాలంటే, ఆఫీసుల నుంచి వచ్చిన యంత్రాలలో కొన్నిటికి బయోస్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. అది దుకాణదారుకూ తెలియదు. ఇంటికి తెచ్చాక తెలిస్తే ఆ యంత్రంతో పడే అవస్థ అంతా ఇంతా కాదు.

తర్వాత మూత తీయించి చూడాలి. నేను మొదట చూసిన యంత్రం బయట అద్దంలా మెరుస్తోంది. మూత తీసేసరికి మరల తలల మీద తుప్పు, ర్యామ్ స్లాటు పక్కన ఆకుపచ్చని పొడి. సముద్రపు గాలి తగిలే చోట ఏళ్లపాటు ఉన్న ఇనుముకూ రాగికీ ఏమవుతుందో లాసన్స్ బే, చినవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు చూసినవారికి చెప్పనక్కరలేదు. దాన్ని పక్కన పెట్టించి, లోపల దుమ్ము మాత్రమే ఉన్న మరో యంత్రం తీసుకున్నాను. దుమ్ము దులిపితే పోతుంది. పన్నెండున్నర వేలు అయింది, బిల్లు మీద ఆరు నెలల వారంటీ రాయించుకున్నాను.

అడాప్టర్ విషయంలో బేరం కోసం రాజీపడవద్దు. ఈ మూడు కంపెనీల ప్లగ్గులు మూడు రకాలు. డెల్ యంత్రం తన అడాప్టర్‌ను గుర్తించలేకపోతే తెర మీద హెచ్చరిక చూపి, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక నడుస్తుంటే తప్పు చిప్‌దేమో అనుకుంటాం, అసలు కారణం అడాప్టర్ అయి ఉంటుంది. టీవీకి తగిలించే విషయం కూడా అక్కడే చూసుకోవాలి. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 మినీలో సాధారణంగా డిస్‌ప్లేపోర్ట్‌లే ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు. వాటికి చవకైన కన్వర్టర్ కేబుల్ చాలు గాని, దాని ఖర్చు లెక్కలో వేసుకోవాలి. వైఫై, బ్లూటూత్ కార్డు లేనివి కూడా చాలా ఉంటాయి. వైరు కంట్రోలర్ వాడేవారికి అది పెద్ద లోటు కాదు, పైగా బటన్ నొక్కిన తర్వాత బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం కూడా వైరులోనే తక్కువ.

స్టోరేజ్: వేగం కన్నా నమ్మకం

ఈ విషయంలో చాలామంది ఖర్చు పెట్టనవసరం లేని చోట పెట్టి, పెట్టవలసిన చోట మిగుల్చుకుంటున్నారు. సెకనుకు కొన్ని వేల ఎంబీలు చదివే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉంటే ఆటలు వేగంగా ఆడతాయని అనుకోవడం అందులో ఒకటి. మొదటి ప్లేస్టేషన్‌లో సీడీ డ్రైవ్ సెకనుకు 300 కేబీ చదివేది. ప్లేస్టేషన్ 2 డీవీడీ డ్రైవ్ సెకనుకు సుమారు 5 ఎంబీ. మామూలు ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సెకనుకు వంద ఎంబీ దరిదాపుల్లో చదువుతుంది. ఎమ్యులేటర్ పాత డ్రైవ్ వేగాన్ని కూడా అనుకరిస్తుంది కాబట్టి, ఆట డిస్క్‌ను ఎంత త్వరగా అందించినా లోడింగ్ తెర దాని సమయం అది తీసుకుంటుంది. క్యాసెట్ ఆటలైతే ఫైలు మొత్తం ఒక్కసారే ర్యామ్‌లోకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత డిస్క్‌తో పనే ఉండదు.

అందుచేత పద్ధతి ఇలా పెట్టుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఆటల పట్టికకు, అందులో కనిపించే ఆటల అట్ట బొమ్మలకు ఒక చిన్న ఎస్ఎస్‌డీ, 128 లేదా 256 జీబీది. బొమ్మలు వేల కొద్దీ చిన్న ఫైళ్లు కనుక హార్డ్ డిస్క్ మీద ఉంటే పట్టిక కిందికి జరుపుతుంటే ఆగి ఆగి కదులుతుంది. ఆట ఫైళ్లకు 2.5 అంగుళాల హార్డ్ డిస్క్. థింక్‌సెంటర్ టైనీ ఎం720క్యూ, ఆప్టిప్లెక్స్ 3060 మైక్రో వంటి వాటిలో చిన్న ఎస్ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాటుతో పాటు 2.5 అంగుళాల అర కూడా ఉంటుంది కాబట్టి రెండూ లోపలే ఇముడుతాయి. పాత ల్యాప్‌టాప్‌లో నుంచి తీసిన డిస్క్ ఇంట్లో ఉంటే అదే చాలు. కొంతసేపు పని లేకపోతే డిస్క్ నిద్రపోయి, ఆట మధ్యలో కొత్త పాట కోసం చదవవలసి వచ్చినప్పుడు రెండు మూడు సెకన్లు ఆగిపోవచ్చు. ఆ నిద్ర సెట్టింగ్ ఆపివేస్తే సరిపోతుంది.

ఎంత పెద్ద డిస్క్ కావాలో మీ దగ్గరున్న ఆటలను బట్టి లెక్క వేయండి. సూపర్ ఫ్యామికామ్ ఆట అతి పెద్దదైనా 6 ఎంబీ. నింటెండో 64లో 64 ఎంబీ. మొదటి ప్లేస్టేషన్ సీడీ 700 ఎంబీ లోపు, గేమ్‌క్యూబ్ డిస్క్ దాదాపు 1.5 జీబీ, ప్లేస్టేషన్ 2 డీవీడీ మామూలుగా 4.7 జీబీ వరకు. యాభై సీడీలు, ఇరవై డీవీడీలు ఉన్న ఇంటికి, అన్నీ అంచు వరకు నిండి ఉన్నా, 35 జీబీ, 94 జీబీ కలిపి 129 జీబీ. కుదిస్తే ఇంకా తగ్గుతుంది. సీడీ, డీవీడీ ప్రతులను సీహెచ్‌డీ ఫార్మాట్‌లోకి, గేమ్‌క్యూబ్ ప్రతులను ఆర్‌వీజెడ్‌లోకి మార్చితే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా చోటు మిగులుతుంది. మొదటిది మేమ్ అనే ఎమ్యులేటర్ ప్రాజెక్టుతో వచ్చే సీహెచ్‌డీమ్యాన్ అనే చిన్న ప్రోగ్రామ్ చేస్తుంది, రెండవది డాల్ఫిన్ ఎమ్యులేటర్ మెనూలోనే ఉంది. సీడీకి పది ట్రాకులుంటే పది ఫైళ్లుగా చెల్లాచెదురుగా ఉండేవి కూడా సీహెచ్‌డీలో ఒక్క ఫైలుగా మారుతాయి. నాకు చోటు కన్నా ఆ శుభ్రతే ఎక్కువ నచ్చింది. అందువల్ల 256 లేదా 500 జీబీ చాలామందికి ఎక్కువే. 1 టీబీ అని కొన్న డిస్క్ కంప్యూటర్‌లో 931 జీబీ అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది లెక్క కట్టే పద్ధతిలో తేడా మాత్రమే.

ఇక నమ్మకం గురించి. ఒకసారి నేను 512 జీబీ మెమరీ కార్డు ఒకటి సగం ధరకే దొరికిందని కొన్నాను. ఆట ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి, పేర్లన్నీ కనిపించాయి, సైజులూ సరిగానే ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షర క్రమంలో ‘ఎఫ్’ వరకు ఉన్న ఆటలన్నీ ఆడాయి; ‘జీ’ నుంచి ఏది తెరిచినా నల్లని తెరే. ఎమ్యులేటర్ తప్పనుకుని రెండు రోజులు సెట్టింగ్‌లు మార్చుతూ కూర్చున్నాను. చివరకు పరీక్షిస్తే ఆ కార్డులో నిజంగా ఉన్నది 32 జీబీ. మిగిలినదంతా ఉన్నట్టు నటించేలా లోపలి చిప్‌ను మార్చి ఉంచారు. అప్పటి నుంచి ఏ కార్డు, ఏ పెన్‌డ్రైవ్ కొన్నా మొదటి పని పరీక్షే: విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3. ఈ ప్రోగ్రామ్‌లు డిస్క్ మొత్తాన్ని నింపి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. పెద్ద డిస్క్‌కు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి ఫలితం తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్క్ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి, ఎన్ని గంటలు తిరిగిందో, రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడైనందున డిస్క్ పక్కన పెట్టిన భాగాల) రా విలువ ఎంతో చూడాలి. రెండవది సున్నా కాకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

‘వేల ఆటలు నింపి ఇస్తాం’ అని అమ్మే హార్డ్ డిస్క్‌లను నకిలీ సైజు, అరిగిన డిస్క్ అనే ఈ రెండు కారణాలతో వద్దంటాను, మూడవ కారణం చట్టం. చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రామ్ ప్రతి పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణగా బ్యాకప్ చేసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఇతరులు చేసిన ప్రతులను కొనడానికి అది వర్తించదు. ప్లేస్టేషన్ డిస్క్‌లు మీ బీరువాలో ఉంటే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌తో మీరే ప్రతి తీసుకోవచ్చు. ఒక్కో డిస్క్‌కు కొన్ని నిమిషాల పని.

డిస్క్ ఫార్మాట్ చేసేటప్పుడు ఎఫ్ఏటీ32 అనే రకాన్ని ఎంచుకోవద్దు. అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు, ప్లేస్టేషన్ 2 డీవీడీలలో కొన్ని అక్కడే ఆగిపోతాయి. బాటొసెరాకు ఈఎక్స్‌టీ4 మంచిది. అదే డిస్క్‌ను విండోస్‌లో కూడా తెరవాలంటే ఎక్స్‌ఫ్యాట్.

ఇంట్లో పెట్టుకునే చోటు, కరెంటు

యంత్రాన్ని సముద్రం వైపు తెరిచే కిటికీకి దూరంగా, వెనుక గాలి ఆడేలా పెట్టాలి. టీవీ క్యాబినెట్‌లో తలుపులు మూసి పెడితే మే నెల ఉక్కపోతలో ఫ్యాను అరుస్తుంది, ఆట మధ్యలో వేగం పడిపోతుంది. ఏడాదికి ఒకసారి మూత తీసి ఫ్యాను శుభ్రం చేసుకోవడం మంచిది. ఆ పనిలోనే ర్యామ్ అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. క్యాసెట్‌లకు చేసినట్టు నోటితో ఊదవద్దు, ఆ తేమే తుప్పుకు మొదలు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే లోపు ఈ చిన్న యంత్రాలు ఆరిపోయి మళ్లీ మొదలవుతుంటాయి. చాలా ఇన్వర్టర్లకు వెనుక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, దాన్ని అటు వేస్తే మారడానికి పట్టే సమయం తగ్గుతుంది. ఇక్కడ ఒక చిక్కు చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆటలోనే ఉన్న సేవ్ బటన్ నొక్కినా, ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్ ప్రోగ్రామ్‌లో ఆటోసేవ్ ఆపి ఉంటే అది దాన్ని ఆట మూసినప్పుడే డిస్క్ మీద రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే మూడు గంటల ఆట గాలిలో కలుస్తుంది. సెట్టింగ్‌లలో సేవింగ్ విభాగంలో సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ అనేదాన్ని పది సెకన్లకు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. సేవ్ ఫైళ్లు చాలా చిన్నవి; మొదటి ప్లేస్టేషన్ మెమరీ కార్డు 128 కేబీ, రెండవదానిది 8 ఎంబీ. ఆట డిస్క్ పోతే మళ్లీ ప్రతి తీసుకోవచ్చు, సేవ్ పోతే తిరిగి రాదు కాబట్టి ఆ ఒక్క ఫోల్డర్‌ను నెలకోసారి, ముందుగా పరీక్షించి పెట్టుకున్న వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచండి.